ఏబీఎస్ పీకుదామా, వద్దా

బ్రేక్ నూనె గుమ్మం దాటి ఇంట్లోకి వస్తోంది. టైం తొమ్మిదీ ఇరవై. పదకొండింటికల్లా శివకృష్ణ తన మోటార్ సైకిల్‌తో సహా కిమ్ ఊళ్లోని గుడ్డల మిల్లు ముందు నిలబడాలి. బండి మాత్రం వాళ్లుండే లింబాయత్ సందులో, ముందు చక్రం పక్కన పైపులు వేలాడేసుకుని, ఆపరేషన్ మధ్యలో డాక్టరు వదిలేసి పోయిన రోగిలా ఉంది.

డాక్టరు వదిలేసి పోలేదు. అసలు సమస్య అదే. పిల్లనిచ్చిన మామ గంగారాం స్పానరు పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. మరమగ్గాల మరమ్మతులో ముప్పై ఏళ్ల అనుభవం. మగ్గాల షెడ్డులో అందరూ మాస్టర్ అంటారు.

"బాపూ, నూనె చీరల దిక్కు వస్తున్నది!" లోపలినుంచి ఆయన కూతురు అనురాధ అరిచింది. ఆమె మెరుపు రాళ్లు అంటించిన పన్నెండు చీరలు నేల మీద ఆరుతున్నాయి.

"ఐపోయింది బిడ్డా. ఇంకొక్క బోల్టే."

ఆ మాట ఆయన ఏడున్నర నుంచీ అంటున్నాడు.

పదకొండేళ్లు మగ్గాల మధ్య నిలబడేసరికి శివకృష్ణకు ఎడమ చెవి సగం పోయింది. కొత్తగా దొరికిన కిమ్ ఉద్యోగంలో మోత లేదు. గుడ్డ శాంపిళ్లు తీసుకెళ్లి రింగ్ రోడ్ మార్కెట్లలో ఇచ్చి రావడమే పని. షరతు ఒక్కటే: సొంత బండి ఉండాలి, మొదటి రోజే మేనేజరుకు చూపించాలి.

పొద్దున ఆరున్నరకు అతను బండి తుడిచి, సందు చివరిదాకా నడిపి చూశాడు. బ్రేకు పట్టగానే లివరు చేతికింద గడగడలాడింది. ఏబీఎస్ దీపం వెలిగింది, ఆరలేదు. ఎనిమిదింటికి మెకానిక్ శ్యాంసుందర్ షాపు తెరిచాక చూపిద్దామనుకున్నాడు. ఆ ముక్క మామ ముందు అనకుండా ఉండాల్సింది.

"ఎనిమిదిదాక ఎందుకు?" అన్నాడు గంగారాం. "దీపం వెలుగుతున్నదంటే ఏబీఎస్సే ఖరాబు. పీకేద్దాం."

"వద్దు మామా. బండి జారకుండ ఆపేది అదే గద."

"మగ్గంల దారం తెగితే ఆపే తీగ ఉంటది. తెగకున్నా ఊకె ఆపుతుంటే ఏం చేస్తం? తీగ పీకేస్తం. మగ్గం సక్కగ నడుస్తది."

"బట్టకు బొక్కలు గూడ సక్కగనే పడ్తయి," అంది అనురాధ.

"నువ్వు జర ఊకో బిడ్డా."

శివకృష్ణ మామను చూశాడు, భార్యను చూశాడు, గడియారాన్ని చూశాడు. సరే అని అనలేదు, వద్దని మళ్లీ అనలేదు. గంగారాంకు అది చాలు.

ముందు ఫ్యూజు పీకాడు. స్పీడు మీటరు చచ్చిపోయింది, దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. దాని మీద నల్ల టేపు అంటించాడు. రోగం కప్పితే పోదు, వేరుతో పీకాలంటూ ఏబీఎస్ డబ్బానే ఊడదీశాడు. తెగిన బ్రేక్ నూనె దారికి షెడ్డు నుంచి తెచ్చిన మగ్గం నూనె గొట్టం తొడిగి లివరు నొక్కాడు. గొట్టం గాలిలోకి ఎగిరింది. నూనె పడ్డచోటల్లా ట్యాంకు ఎర్రరంగు పొక్కులు లేచింది.

తొమ్మిదిన్నరకు నూనె చీరలను చేరింది. జిగురు కరిగి రాళ్లు ఒక్కొక్కటే రాలసాగాయి. గంగారాం తల్లి పోశమ్మ గడపలో కూర్చుని వాటిని తడిమి ఏరి గిన్నెలో వేస్తోంది.

"నాలుగు దినాల పని బాపూ!"

"మళ్ల అంటిద్దాం తీ. నేనున్న గద."

"నువ్వు ఉండుడే గద బాధ!"

శివకృష్ణ పరుగెత్తి శ్యాంసుందర్‌ను లాక్కొచ్చేసరికి పది దాటింది. శ్యాంసుందర్ స్టూలు మీది డబ్బాను చూశాడు.

"ఎవరు విప్పిండ్రు?"

"మాస్టర్."

"ఏ బండ్ల మాస్టర్?"

"మగ్గాల."

శ్యాంసుందర్ ముందు చక్రం దగ్గర కూర్చుని లోపలికి వేలు పెట్టి లాగాడు. గ్రీజుతో నల్లబడ్డ దారం వచ్చింది. ఇంకా లాగాడు. ఇంకా వచ్చింది.

"సక్రం తిరుగుతున్నదా లేదా సూసే సెన్సార్ గీడ ఉంటది. దాని నిండ దారమే. సక్రం ఆగిందనుకొని ఏబీఎస్ బ్రేకు వదులుతున్నది. ఏబీఎస్‌కు ఏం కాలే."

"ఎంతసేపు పని?" అడిగాడు శివకృష్ణ.

"కత్తెరతోని రెండు నిమిషాలు. పొద్దుగాల ఐతే."

"ఇప్పుడు?"

"రెండు దినాలు. సామాను దొరికితే."

ఫోను మోగింది. కిమ్ మేనేజరు. శివకృష్ణ కుడి చెవికి పెట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పాడు. అవతలి మనిషి నవ్వలేదు, తిట్టలేదు. "బైక్ నహీ, తో ఆప్ భీ మత్ ఆనా," బండి లేకపోతే మీరూ రావద్దని చెప్పి ఫోను పెట్టేశాడు.

శివకృష్ణ గుమ్మం మీద కూలబడ్డాడు. "ఐపోయింది. రేపటి సంది మళ్ల మగ్గాల కాడికే."

అందరి చూపూ తన వైపే వస్తోందని గంగారాంకు అర్థమైంది. దిగ్గున లేచాడు.

"నన్నేం సూస్తరు? దారం సుట్టినోన్ని అడుగుండ్రి! అంతా వానివల్లనే!"

"రోడ్డు మీద సుట్టుకున్నదేమో," అంది అనురాధ.

"రోడ్డు మీది దారానికి ముడెందుకు ఉంటది అక్కా?" శ్యాంసుందర్ దారాన్ని గుడ్డతో తుడిచాడు. గ్రీజు కింద పసుపు రంగు బయటపడింది. ఒక కొసన చిన్న ముడి.

"సూసిండ్రా? ఎవడో కావాలనే కట్టిండు!" గంగారాం గొంతు సందంతా వినిపించింది. "అనురాధా, నీ పనేనా?"

"నా పని రాళ్లతోని. దారంతోని గాదు."

"అల్లుడా, నీ దోస్తులెవరన్న..."

"మామా, నీకు దండం పెడ్త."

"ఇటు తే," అంది పోశమ్మ. ఆమెకు చూపు ఆనదు. సిరిసిల్లలో నలభై ఏళ్లు నేసిన వేళ్లు మాత్రం ఇంకా చూస్తాయి. నేత ఇళ్లల్లో ఒకరి ముడి ఇంకొకరి ముడిలా ఉండదు. ఆమె ఆ ముడిని బొటనవేలి కింద అటూ ఇటూ దొర్లించింది.

"రాఖీ నాడు, నూలు పున్నమకు కట్టిన దారమిది. ఆ దినం మగ్గాలకు కట్టిండు, కరెంటు మీటరుకు కట్టిండు, ఫ్రిజ్జుకు గూడ కట్టిండు. సల్లగుండాలని బండి సక్రానికి గూడ కట్టి, తోక ఇడిసిపెట్టిండు."

"ఎవడవ్వా? జర పేరు చెప్పు! వాని సేతులు ఇరగ్గొడ్త!"

పోశమ్మ దారాన్ని కొడుకు చేతిలో పెట్టింది.

"పన్నెండేండ్ల పోరనివున్నప్పటి సంది చెప్తున్న, ముడేసినంక తోక తెంపమని. ఇగ ఇరగ్గొట్టుకో, గంగారాం."