బొరియకు పట్టా

ఒక పెద్ద అడవిలో అందరికీ చోటుంది, దస్తావేజుల్లో తప్ప.

ఆ అడవిలో స్థానికులెవరూ నేల తవ్వరు. తవ్వడం తక్కువ పని అని వాళ్ళ నమ్మకం. ఎవరో తవ్విన బొరియలో దూరడం, గుమ్మానికి ఒళ్ళు రుద్ది తమ వాసన అంటించడం, "ఇది మా తాతల నాటిది" అనడం, ఇదీ వాళ్ళ ఆచారం.

తవ్వేది గునపమ్మ అనే ముళ్ళపంది. పదకొండేళ్ళ కిందట ఏటి అవతలి అడవి నుంచి వరదలో కొట్టుకొచ్చింది. అప్పటినుంచీ ఏడాదికో బొరియ తవ్వుతూనే ఉంది. ఎవరో వచ్చి వాసన అంటించి "ఇది మాది" అనగానే, గొడవెందుకులే అని ఇంకోచోటికి పోతుంది. పన్ను కింద ఇవ్వాల్సిన దుంపలు అందరికంటే ముందే కట్టేస్తుంది. అందుకు మెచ్చి అడవి సభవారు ఆమెకి ఒక మోదుగాకు ఇచ్చారు. దాని మీద "శాశ్వత నివాసి (తాత్కాలికం)" అని గోటితో గీసి ఉంది.

ఈ ఏడు మాత్రం గునపమ్మ కదలదలుచుకోలేదు. ఆమె కడుపుతో ఉంది. గుట్ట మీద, నీరు చేరని చోట, రెండు గదుల బొరియ తవ్వుకుంది. తొలకరి లోపల దానికి పట్టా రాకపోతే ఎవరో ఒకరు వచ్చి వాసన అంటిస్తారు. పిల్లలు వానలో పుడతారు.

అందుకే పట్టాల గుమాస్తా నక్క చెంచల్రావు దగ్గరికి వెళ్ళింది.

"పట్టా పౌరులకే ఇస్తామమ్మా," అన్నాడు నక్క.

"అయితే పౌరసత్వం ఇవ్వండి బాబూ."

"సొంత ఇల్లున్నవాళ్ళకే పౌరసత్వం."

"ఇల్లుందిగా!"

"ఉంది. నీ పేరున లేదుగా."

"నా పేరున రాయమనే కదా వచ్చాను?"

"రాస్తాం. పౌరురాలివై రా."

గునపమ్మ తల గోక్కుంది.

"పోనీ, నేను నేల అడగను బాబూ. బొరియంటే నేల లేని చోటేగా? మీ మట్టంతా బయట కుప్ప పోసే ఉంచాను, మీరే పట్టుకెళ్ళండి. మిగిలిన ఖాళీ ఒక్కటి నా పేరున రాయండి."

ఇరవయ్యేళ్ళ సర్వీసులో చెంచల్రావు ఇలాంటి వాదన వినలేదు. ఇప్పుడూ వినలేదు. అతని మనసంతా గుట్ట మీది రెండు గదుల చుట్టూ తిరుగుతోంది. తాము ఉంటున్న బొరియలో వానొస్తే నీరు చేరుతుందని పెళ్ళాం రోజూ దెప్పుతోంది.

"సభలో పెడతాను, పో," అన్నాడు.

బయట కొమ్మ మీద సమత అనే మైనా కాచుకుని ఉంది. ప్రపంచంలోని నినాదాలన్నీ దానికి నోటికొచ్చు.

"తవ్వేవాళ్ళదే బొరియ!" అని అరిచింది. "సమస్త అడవుల తవ్వకపు శ్రామికులారా, ఏకం కండి!"

"ఇక్కడ తవ్వేదాన్ని నేనొక్కదాన్నే కదే," అంది గునపమ్మ.

"అయితే నువ్వొక్కదానివే ఏకమైపో అత్తా!"

మర్నాడు సభ జరిగింది. అధ్యక్షుడు కొండచిలువ అజగరయ్యగారు. ఏ అర్జీ వచ్చినా కాదనరు, మింగేస్తారు. అరగడానికి ఆర్నెల్లు పడుతుంది. కానీ చెంచల్రావు అర్జీతో పాటు ఉత్తర్వు కూడా సిద్ధం చేసుకొచ్చి ఆయన ముందు పెట్టాడు. సభలో ఉడుమూ ముంగిసా "న్యాయం, న్యాయం" అన్నాయి. ఏది న్యాయమో ఎవరూ అడగలేదు. అజగరయ్యగారు చదవకుండానే తోకతో ముద్ర వేశారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. చెంచల్రావుకి ఉత్తర్వు కొత్తగా రాసే అలవాటు లేదు. పాతదాంట్లో పేరు మార్చేస్తాడు. ఈసారి అతనికి చేతికందింది, బయటినుంచి వచ్చి బాట తవ్వి పాడుచేసిన అడవిపందుల మీద ఎప్పుడో ఇచ్చిన ఉత్తర్వు. పందుల పేరు కొట్టేసి గునపమ్మ పేరు పెట్టాడు. కింద "ఖాళీ అయిన బొరియ అర్హుడైన స్థానికుడికి" అని ఒక ముక్క తగిలించాడు. ఆ అర్హుడెవరో వేరే చెప్పక్కర్లేదు.

ఉత్తర్వు చేతికి రాగానే గునపమ్మ సమత చేత చదివించుకుంది. కళ్ళు చెమర్చాయి. ఇంకోసారి చదవమంది.

"'పై పరాయిది ఈ అడవిలో ఇంతవరకు తవ్వినవన్నీ మూడు రోజుల్లో పూడ్చి, నేలను యథాస్థితికి తేవలెను.' ధిక్కరించు అత్తా! చించి పారెయ్!"

గునపమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఏం రాశారూ? తవ్వినవన్నీనా?"

"అన్నీ!"

"చట్టం అంటే చట్టమేనే," అంది గునపమ్మ. పదకొండేళ్ళలో మొదటిసారి ఆమె ముళ్ళన్నీ ఉత్సాహంగా గలగలమన్నాయి.

మొదటి ఏడాది తవ్విన బొరియతో మొదలుపెట్టింది. చెంచల్రావు ఆఫీసు నుంచి వచ్చేసరికి పెళ్ళాం సామాన్లతో బయట నిలబడి ఉంది, గుమ్మం ఉన్నచోట చదునైన నేల ఉంది.

"అది మా తాతల నాటి ఇల్లు!" అని అరిచాడు నక్క.

"కావచ్చు బాబూ. మీ తాతగారు నా చేత తవ్వించుకున్నారేమో."

తర్వాత ముంగిసది. తర్వాత ఉడుముది. మూడో రోజున మబ్బులు కమ్ముకొస్తుండగా గునపమ్మ అజగరయ్యగారి బొరియ ముందుకొచ్చింది.

"అయ్యగారూ, కాస్త బయటికి వస్తారా? తమరి ముద్రే."

తొలకరి మొదలైంది. అడవి సభ మొత్తం చెట్టు కింద తడుస్తూ అత్యవసరంగా సమావేశమైంది. ముంగిస తనే తవ్వుతానని దిగి, రెండు గోళ్ళు విరగ్గొట్టుకుని తిరిగొచ్చింది. ఉడుము తుమ్ముతోంది. గుట్ట మీది బొరియొక్కటే పూడ్చకుండా మిగిలింది. దాని గుమ్మంలో గునపమ్మ మట్టి పక్కన పెట్టుకుని కూర్చుంది.

"ఇదొక్కటే మిగిలింది అయ్యగారూ. పూడ్చమంటారా, పట్టా ఇస్తారా?"

"పౌరులకే కదా..." అని నక్క గొణిగాడు.

అజగరయ్యగారి తల మీద ఒక చుక్క టప్పున పడింది. ఆర్నెల్ల అరుగుదల ఒక్క క్షణంలో పూర్తయింది.

"పౌరురాలే! పుట్టబోయే పిల్లలూ పౌరులే! రాయవయ్యా గుమాస్తా, ఈసారి పాతదాంట్లోంచి కాదు!"

చెంచల్రావు తడిసిన ఆకు మీద, చలికి వణుకుతూ, జీవితంలో మొదటిసారి ఒక ఉత్తర్వు సొంతంగా రాశాడు.

ఆ వారంలోనే గునపమ్మకి ఇద్దరు పిల్లలు పుట్టారు, పొడిగా, పట్టా ఉన్న ఇంట్లో. తర్వాత ఆమె అందరి బొరియలూ ఒక్కొక్కటే తవ్విపెట్టింది. నక్కది అందరికంటే ఆఖరున.

నీతి: పరాయివాళ్ళను వెళ్ళగొట్టడంలో తప్పేమీ లేదు, కాకపోతే ముందురోజే మన ఇల్లు మనమే కట్టుకుని ఉండాలి.