మందు మానికల స్వయంవరము

సకల బేరములకు సాక్షివగు ఓ త్రాసుముల్లా, ఈ గాథ చెప్పుటకు నాకు తూకము తప్పని నోరిమ్ము!

పేరుకు పాలై, జనవరిలో పెరుగువలె గడ్డకట్టు మిల్క్ నదికి ఉత్తరమున, ఏ దిక్కుకు వీచవలెనో తేల్చుకొనలేక గాలి నాలుగు దిక్కులా వీచు మోంటానా మైదానమున, ఒకానొక శనివారము మధ్యాహ్నము, భోజనానంతర శుభవేళ, దాణావర్తక సార్వభౌముడు, ఓట్స్ బస్తాల గండభేరుండము, ఆర్విడ్ స్కోగన్ మహావీరుడు తన భార్య కుట్టుగదిలో యుద్ధసన్నద్ధుడై ప్రవేశించెను.

అప్పటికి ఆ వీరుని చేతనున్న మూలధనమిది: పోయిన ఏళ్ల వేటలలో పేల్చి, మంచులో ఏరి, మరల మందు నింపి వాడుటకు తోమి తోమి బంగారమువలె మెరిపించిన ఇత్తడి తూటాగొట్టములు కాఫీడబ్బా నిండుగ, సన్నని పుల్లలవంటి తుపాకిమందు ఒక సీసా, ఒక త్రాసు, ఒక చెంచా, మందుపుల్లలను ఒకటొకటిగ ఏరివేయుటకు పట్టకారు. ఈ ఆయుధములతో అతడొక తూటాకు మందు తూచులోపల ధర్మపత్ని మార్లిస్ ఒక దిండు గలీబు కుట్టి ముగించెడిది. అందుచేత అతనికి మందు మానిక కావలసివచ్చెను. పిడి ఎత్తిన కడుపు నిండి, దించిన సరిగా అంతే మందు కక్కునట్టి యంత్రమన్నమాట.

స్వయంవరమునకు మూడు మానికలు వచ్చియుండెను. స్ఫటికమువలె పారదర్శకమైన ప్లాస్టిక్ కిరీటము గల పడుచు మానిక ఒకటి. తనంతట తానే తూచి, ఎర్రని అంకెలు వెలిగించు విద్యుత్ మానిక ఒకటి. ఇవి రెండును ఊరి తుపాకుల అంగడివాడు, నచ్చనిది సాయంత్రము అంగడి మూయులోపు తిరిగిచ్చు కట్టుబాటున ఇచ్చినవి. మూడవది మార్లిస్ తమ్ముడు లైల్ చంకనెత్తుకొని తెచ్చిన ఇనుప మానిక. రంగూడి, రుబ్బురోలువలె బరువెక్కి, ఆర్విడ్ వద్దనున్న పాత గుర్రపు కళ్లెమునకు మారుగ పోవ సిద్ధమై కూర్చున్నది.

"సాయంత్రంలోపు ఒకటి తేల్చుకో, ఆర్విడ్," అని మార్లిస్, బల్ల అవతలి కొసన కుట్టుయంత్రము ముందు నుండి, తల యెత్తకయే పలికెను. "తేలలేదా, నీ సామానంతా షెడ్డుకే. చర్చి వేలానికి బొంత పరవాలి. నాకు బల్ల మొత్తం కావాలి."

"షెడ్డులోనా? మైనస్ ముప్పై అక్కడ! వేళ్లు రాలిపోతాయి మార్లిస్!"

"పది ఉన్నాయిగా. పొదుపుగా వాడుకో."

లైల్ పక్కకు తిరిగి నవ్వెను. వీరుడు పళ్లు కొరికెను. వెచ్చని బల్లపై ఆ మూరెడు చోటు! దానికొరకు రాజ్యములు వదలవచ్చును, షెడ్డుకు మాత్రము పోరాదు.

అంతట రణము మొదలయ్యెను. ఆ దేశపు మానిక పరీక్ష యేమనగా, వరుసగా పది మార్లు పిడి ఎత్తి దించి, పడిన మందును ప్రతిమారును తూచుట. పదియు ఒక్కటిగ తూగినచో కన్య ఉత్తమురాలు. అశ్వమునకు పళ్లు చూచినట్లు మూడింటిని నోళ్లు తెరిచి చూచి, ఆర్విడ్ ముందుగ పడుచు మానికకు మందు పోసి పిడి ఎత్తెను. అవతలి కొసన మార్లిస్ పాదము యంత్రపు తొక్కుడుపలకపై మోపెను. టకటకటకటక! మానిక కక్కెను. తూచగా సరి. మరల కక్కెను, కొంచెమెక్కువ. మరల కక్కెను, మరికొంచెమెక్కువ.

"ఓసి వంచకీ!" అని వీరుడు గర్జించెను. "మొదట మెచ్చించి పిదప ముంచు నీవంటి సరుకును నా అంగడి గడప తొక్కనిత్తునా? పో!"

విద్యుత్ మానిక వంతు వచ్చెను. దాని ఎర్రని అంకెలు ఒకటి చెప్పి, కాదని మరొకటి చెప్పి, కల్లు తాగిన సాక్షివలె తడబడి, చివరకు ఏమియు చెప్పక మిటకరించెను. ఆర్విడ్ దాని తీగ పీకివేసెను.

ఇక మిగిలినది లైల్ ఇనుప మానిక. టకటకటక నడుమ అదియు నాలుగు మార్లకే తూకము పెంచసాగెను. అప్పుడు వీరుని సహనమనెడి కోట కూలెను.

"తుప్పుకుండా! చారు కాచుటకైనను పనికిరాని ఇనుపముద్దా! నీకు కళ్లెమా? తాడుముక్క యెక్కువ!"

లైల్ ముఖము కందగడ్డయయ్యెను. "బావా, నన్నేమన్నా అను, పడతాను. దాన్ని అంటే మాత్రం ఊరుకోను. పాతికేళ్లుగా గింజ తేడా రాలేదు దానితో."

"నా చేతికొచ్చేసరికి ముసల్ది అయిందేమో మరి!"

"మీ ఇద్దరి గోలకి కుట్టు వంకరపోతోంది," అని విసిగి మార్లిస్ లేచి వంటింటికి కాఫీకై వెడలెను.

యంత్రము మూగబోయెను. పౌరుషముకొద్దీ ఆర్విడ్ మరొక్కమారు ఇనుప పిడి ఎత్తి దించి తూచెను. సరి. మరల దించెను. సరి. మరల, మరల, మరల. సరి, సరి, సరి!

"చూచితివా లైల్!" అని అతడు రెండు చేతులును పైకెత్తి చాటెను. "నా గర్జనకు ఇనుము బుద్ధి తెచ్చుకొన్నది! బెదిరించి దారికి తెచ్చితిని!"

ఇంతలో మార్లిస్ కాఫీతో వచ్చి, కప్పు కిటికీ గట్టుపై పెట్టి, పాదము మోపెను. టకటకటక. ఆర్విడ్ మరల పిడి దించి తూచగా తూకము పెరిగెను.

అతని చూపు పక్కనున్న పడుచు మానికపై పడెను. ఎవరును ముట్టని దాని స్ఫటిక కిరీటమున మందు తనంత తాను మెలమెల్లగ కుంగుచుండెను. బల్ల వణకుచుండెను, మందు కూరుకొని అదే కొలతలో ఎక్కువ పట్టుచుండెను. ఆహా! ఓట్స్ కొనునప్పుడు మానికను నాలుగు తట్లు తట్టి గింజ కూరి కొలుచుట, అమ్మునప్పుడు తట్టక వదులుగ పోయుట అనెడి విద్యలో ఆ జిల్లాకే గురువగు ఆర్విడ్ స్కోగన్‌ను నేడు సొంత భార్య సొంత బల్లను తట్టి తట్టి ముంచుచున్నది!

లైల్ కూడ అది చూచి బల్లపై వాలి నవ్వెను. "కుట్టేది మా అక్క, తిట్టించుకునేది పాపం ఇనుము! దాణా వ్యాపారివి, తట్టుడు తెలీదా బావా?"

"మార్లిస్," అని వీరుడు గొంతు సవరించుకొనెను, "కాసేపు కుట్టడం ఆపుతావా?"

"వేలం వచ్చే వారం. తూటాలకి వేలం ఉందా?"

"లేదు."

"మరి?"

సంధి జరుగవలసివచ్చెను. ఘోరమైన బేరము నడిచెను. ఆమె ససేమిరా అనెను. అతడు వారమంతయు గిన్నెలు కడుగుదుననెను. ఆమె ఎలాగూ కడుగుచునే యున్నావనెను. కోళ్ల గూడు శుభ్రము చేసెదనన్నపుడు మాత్రము ఆమె సూది పైకి తీసెను.

"సరే. నేను కాఫీ తాగేంత సేపు యంత్రం ఆగుతుంది. కప్పు ఖాళీ అయితే మళ్లీ కుడతాను. అంతే."

ఇప్పుడు లెక్క మారెను. బల్ల ఊరకున్నచో మూడు మానికలును నిర్దోషులే. కాని విద్యుత్ మానిక ఆలోచించి ఆలోచించి ఒక్క తూటాకు తూచులోపల కాఫీ సగమగును. పడుచు మానిక తేలిక. పిడి దించునప్పుడెల్ల ఒక చేత దానిని పట్టుకొనవలెను. ఇనుపది కొండవలె కదలదు; ఎత్తి దించిన చాలు. వ్యాపారి మనసు క్షణములో తేల్చెను.

"లైల్, నీదే తీసుకుంటాను. అదిగో కళ్లెం."

"ఇందాకటి ధర అది," అని లైల్ చేతులు కట్టుకొనెను. "తిట్టాక పెరిగింది. కళ్లెంతో పాటు క్షమాపణ కావాలి. నాకు కాదు, దానికి."

"ఇనుముకా?"

"అంగడి మూసే వేళవుతోంది బావా."

అంతట దాణావర్తక సార్వభౌముడు మోకాలొకటి వంచి, కంఠము సవరించి పలికెను: "ఓ లోహమాతా! నా భార్య పాదతాడనమును నీ దోషమని తలచితిని. మన్నింపుము. నీవు చారుకుండవు కావు."

"ఇంకాస్త గట్టిగా," అనెను మార్లిస్, కప్పు పెదవులకానించుచు.

గట్టిగ చెప్పెను. లైల్ కళ్లెము భుజాన వేసుకొని, అరువు మానికలు రెండును అంగడిలో దించుటకు తీసికొని వెడలెను. యంత్రము మూగబోయిన ఆ గదిలో వీరుడు పిడి ఎత్తెను, దించెను, ఎత్తెను, దించెను, ఇత్తడి గొట్టములు ఒకటొకటిగ నిండెను, కడపటిది మిగులగా కప్పు అడుగు కనబడెను.

ఆర్విడ్ చేయి ఆగెను. మార్లిస్ అతనిని చూచెను, ఖాళీ గొట్టమును చూచెను, నిట్టూర్చి లేచి, రెండవ కప్పు పోసికొని వచ్చెను.

లోకులారా, వినుడు! ఆ మహాసంగ్రామమున వీరుడార్జించినది: ఇనుప మానిక యొకటి, షెడ్డుకు పోక దక్కిన మూరెడు వెచ్చని బల్ల, కోళ్ల గూడు, బేరమున లేని రెండవ కప్పు కాఫీ.