నోరు మెదపని మీటింగు

ఆ రోజు తవిటమ్మ చేపలు కొనడానికి కళింగపట్నం ఒడ్డుకు వెళ్ళలేదు. చేపలమ్మే తట్ట బోర్లించి, కొంగు నడుముకు బిగించి, కాలనీ ఆడవాళ్ళందరినీ పొద్దున్నే మోటారు గది దగ్గర పోగేసింది. కాసేపట్లో పురపాలక సంఘం ఆఫీసరు వచ్చి, వచ్చే ఏడాదికి ఇళ్ళ ఛార్జీలు తేలుస్తాడు. అద్దె సంగతి సరే, అది పై నుంచి ఖరారై వచ్చింది. నీళ్ళ మోటారుకు, మెట్ల మీద దీపాలకు, ఊడ్పుకు, మురుగుకాలువకు కలిపి నెలనెలా గుంజే నిర్వహణ ఛార్జీ మీదే అందరి భయమూను. ఇప్పుడు కడుతున్న నూట యాభై కాస్తా ఐదొందలవుతుందని పుకారు.

తుఫానుకు పాక ఎగిరిపోయాక తవిటమ్మ, ఆమె మొగుడు దాలయ్య చాలా కాలం టార్పాలిన్ బరకం కింద తలదాచుకున్నారు. ఆ తర్వాత వచ్చిన ఇల్లిది. మూడు నెలలు ఛార్జీ కట్టకపోతే తాళం వేస్తామని ఇల్లు ఇచ్చిన రోజే చెప్పారు. ఐదొందలు ఆమె వల్ల అయ్యే పని కాదు. అలాగని మళ్ళీ బరకం కిందకు పోయేదీ లేదు. గంగమ్మ తల్లి మీద ఒట్టు పెట్టుకుని మరీ ఒక ఉపాయం ఆలోచించింది.

"ఒడ్డున సేపల ఏలం పాటలో ఏటి సేత్తాం? పాడేవోడు రేటు సెప్తాడు. ఎవులూ నోరెత్తకపోతే ఆడే దిగుతాడు. ఆఫీసరు బాబైనా అంతే. నచ్చిన రేటు వచ్చీదాకా ఒక్కలు నోరిప్పితే ఒట్టు" అంది.

పక్క బ్లాకు నీలవేణికి ఒడ్డు మీదా, కాలనీలోనూ తవిటమ్మతో పోటీయే. మధ్యలో తవిటమ్మే అరిచేస్తుందేమో చూసుకోమని ఓ చురక వేసింది గానీ, ఉపాయాన్ని మాత్రం కాదనలేకపోయింది. నెత్తళ్ళ లాంటి చిన్న చేప దగ్గర్నుంచి వంజరం దాకా అందరూ అలా బేరమాడే కదా బతుకుతున్నారు.

ఆఫీసరు పేరు శ్రీరామ్. శ్రీకూర్మంలో తాతల నాటి నుంచి పురాణం చెప్పే ఇంట పుట్టాడు. కంచు లాంటి గొంతు, గుక్క తిప్పుకోకుండా చదివే అలవాటు. పాపం, వినే అదృష్టం మాత్రం ఎవరికీ కలగలేదు. ఏ కాలనీకి వెళ్ళినా రెండో మాటకే గోల మొదలయ్యేది. పోయిన ఏడాది ఒకచోట ఆయన కూర్చున్న కుర్చీనే లాగేశారు. అందుకని ఈసారి నిలబడే చదువుదామని వచ్చాడు.

మోటారు గది అరుగెక్కి నీళ్ళ మోటారు ఖర్చు చదివి, అభ్యంతరం ఎవరికైనా ఉందా అని అడిగాడు. చీమ చిటుక్కుమనలేదు. ఆయన అనుమానంగా చుట్టూ చూసి, ఏదో రాసుకుని, దీపాల సంగతి చదివాడు. అప్పుడూ అంతే. మూడో పద్దుకు వచ్చేసరికి శ్రీరామ్ గారి మనసు వెన్నలా కరిగింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన చదువును ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరు. ఆ ఉత్సాహంలో, గొడవలకు జడిసి ఇన్నాళ్ళూ సంచిలోనే దాచుకున్న పద్దులన్నీ బయటికి తీశాడు. పూలమొక్కల పార్కట, గోడలకు రంగులట, కాలనీ ముందు పేరు చెక్కిన ముఖద్వారమట.

ఒకామె నోరు తెరవబోతే తవిటమ్మ తొడపాశం పెట్టింది. మొదట రేటు పైకి ఎగరేసినవాడే ఆఖరికి బాగా దిగుతాడని ఆమె నమ్మకం. వెనక నిలబడ్డ దాలయ్య ఉండబట్టలేక "బాబూ" అన్నాడు. తవిటమ్మ చరచరా వెళ్ళి అరచేత్తో అతని నోరు మూసేసింది. ఆ మీటింగులో వినబడిన అభ్యంతరం అదొక్కటే.

శ్రీరామ్ మొత్తం కూడాడు. ఇంటికి నెలకు ఏడొందలు. ఏకగ్రీవంగా ఆమోదించారని ప్రకటించి, అందరికీ చేతులెత్తి దండం పెట్టాడు.

"అదేటి బాబూ, మీరింకా దిగనేదు కదా" అంది తవిటమ్మ.

ఆయనకు అర్థం కాలేదు. కాళ్ళ కింద అరుగు చూసుకున్నాడు. తవిటమ్మ పాట సంగతి చెప్పాక నవ్వాలో ఏడవాలో తెలియక, "మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. మా నిబంధనల్లో అది పూర్తి అంగీకారం తల్లీ" అన్నాడు.

తవిటమ్మ ఇల్లే కాదు, కాలనీ మొత్తం ఆమె మాట నమ్మి మునిగింది. పైగా నీలవేణి కిసుక్కున నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకని ఊరికే అన్నారా! ఒళ్ళు మండి, ఇంత డబ్బు ఎవరి బొడ్డులోకి పోతుందో చెప్పి కదలమని ఆఫీసరుకు అడ్డం నిలబడింది. శ్రీరామ్ మంచివాడు, ఓపిగ్గా చెప్పాడు. ఇది ఆఫీసు అంచనా మాత్రమే. పనికి అయిన ఖర్చు కన్నా ఒక్క రూపాయి ఎక్కువ వసూలు చెయ్యకూడదు. ఎవరు తక్కువకు చేస్తామంటే వాళ్ళకే పని ఇవ్వాలి. ఇవాళే గడువు, ఒక్కరూ రాలేదు.

"తక్కువ పాడినోల్దే పనా?"

"అవునమ్మా."

తవిటమ్మ అరుగెక్కింది. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవడమెందుకు!

"ఒలే, ఇప్పుడిప్పండి నోర్లు. మోటారు పని! ఎవులు దిగుతారు?"

అంతసేపు బిగబట్టిన నోళ్ళు ఒక్కసారి తెరుచుకున్నాయి. ఒడ్డున కొనేవాళ్ళు ఒకరి మీద ఒకరు పైకి పాడతారు, ఇక్కడ కిందకి. అదొక్కటే తేడా. మోటారు పాట దాలయ్య పేరున కొట్టేసింది, ఊడ్పు బ్లాకుల వారీగా పంచింది. పార్కు, రంగులు, ముఖద్వారం ఎవరూ పాడలేదు, చేసేవాళ్ళు లేరు గనుక ఆ పద్దులు ఎగిరిపోయాయి. శ్రీరామ్ గారికి పద్దులు కొట్టివేయడంతోనే చెయ్యి నొప్పెట్టింది.

చివరికి మురుగుకాలువలో పూడిక తీసే పని వచ్చింది. నీలవేణి వెయ్యి అంది. తవిటమ్మ తొమ్మిదొందలంది. అక్కణ్ణుంచి ఇద్దరికీ పూనకమే. దాలయ్య కొంగు పట్టి లాగుతున్నా తవిటమ్మకు తెలియలేదు. నీలవేణి యాభైకి దిగింది.

"ఊరికినే సేత్తాను, పో!" అని అరిచింది తవిటమ్మ.

శ్రీరామ్ కలం ఎత్తి, అభ్యంతరం ఎవరికైనా ఉందా అని అడిగాడు. నీలవేణి రెండు చేతులతో నోరు మూసుకుంది. మిగిలిన కాలనీ కూడా పొద్దుటి పాఠం మరిచిపోలేదు.

ఛార్జీ ఇంటికి ఎనభైకి దిగింది. తాళం భయం తీరింది. నెల తిరక్కుండానే కమిషనరు గారు కారులో వచ్చి, ఇంత పట్టుదల గల ఆడవాళ్ళను తాను ఎక్కడా చూడలేదని మెచ్చుకున్నారు. ఆ మెప్పును తవిటమ్మ కాలువలో నిలబడి విన్నది.