పద్నాలుగో లెవెల్ ఆత్మారామన్న

"పదిహేనో తారీఖున నిజామాబాద్‌లో 'కార్యకర్తల ప్రగతి నియమావళి - కొత్త ఎడిషన్' ఆవిష్కరిస్తున్నాం. ఇకమీదట ప్రతి కార్యకర్తకూ ఒక లెవెల్ ఉంటుంది!" అని మా మాజీ మంత్రిగారు ప్రకటించగానే జిల్లా పులకించింది. అంతకుముందు ఆయన పార్టీలో లెవెళ్ళు లేవని కాదు. ఫ్లెక్సీ మీద ఫోటో సైజును బట్టి తెలిసేవి. నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? బోధన్ బస్టాండ్ పక్కన ఆ ఫ్లెక్సీలు కొట్టేది నేనే.

అసలు ఈ విప్లవం పుట్టింది కూడా నా దుకాణంలోనే, ఫ్లెక్సీలు కోసే బల్ల మీద.

ఆదివారం ఆ బల్ల ఖాళీగా ఉంటుంది కనుక కాలేజీ పిల్లలు శృతి, సంజన, కృష్ణ దాని చుట్టూ చేరి 'గడీలు - గండాలు' అనే ఆట ఆడతారు. ఒక పటం, ఇరవై ముఖాల పాచిక, ఇటుకంత రూల్సు పుస్తకం. తలా ఒక పాత్ర. పాత్ర సాహసం చేస్తే పాయింట్లు, పాయింట్లు నిండితే లెవెల్, లెవెల్ పెరిగితే కొత్త విద్య. ఆ ఆటకు కొత్త ఎడిషన్ వస్తోందని తెలిసిన దగ్గర్నుంచి ఆట ఆగింది, ఊహాగానం సాగింది.

"మూడో లెవెల్లనే దారి ఎంచుకోవచ్చంట. నా వేగు ఇగ మంత్రగాడు గూడ అయితడు," అన్నాడు కృష్ణ.

"అబ్బో! ఒక్కనికే రెండు పనులా? గట్ల ఇయ్యరు," అంది సంజన.

"మీది మీకుంది. నా వైద్యురాలు తొమ్మిదో లెవెల్. మూడేండ్లు ఆడిన. పాతోళ్ళను మళ్ళ ఒకటికి దింపితే నా గతేంది?" అంది శృతి.

అప్పుడే శృతి తండ్రి ఆత్మారామన్న లోపలికొచ్చాడు. ఇరవై ఏడేళ్ళుగా పార్టీ కార్యకర్త. అంటే కార్యం ఆయనది, కర్త మాజీ మంత్రిగారు, కర్మ మళ్ళీ ఆయనదే. బోధన్ మండల అధ్యక్ష పదవి ఆయనకిస్తామని నాలుగుసార్లు అన్నారు. పదవి రాలేదు, ఆయన పెదవి విప్పలేదు.

"ఎవ్వలు దింపుతరు బిడ్డా? ఎవ్వలు ఎక్కిస్తరు?"

"ఎవ్వలు ఎక్కియ్యరు బాపు. గిన్ని పాయింట్లకు గీ లెవెలని పుస్తకంల రాసుంటది."

"పైరవీ లేకుండనా?"

"లేకుండనే."

ఆత్మారామన్న స్టూలు మీద కూలబడ్డాడు. నేను మంచినీళ్ళిచ్చాను.

మరుసటి రోజే ఆయన ఈ సంగతి మాజీ మంత్రిగారి చెవిన వేశాడు. మాజీ మంత్రిగారు మహానుభావులు, వెంటనే పట్టేశారు. "లెవెల్ ఇద్దామయ్యా! ఇస్తే మన దగ్గర తగ్గేదేమన్న ఉన్నదా?" అన్నారు.

పుస్తకం రాకముందే పాయింట్ల సర్క్యులర్ వచ్చింది. చప్పట్లకు ఒకటి, జెండా మోస్తే రెండు, ధర్నాకు పది, అరెస్టయితే యాభై. దాంతో కార్యకర్తలు పోలీస్ స్టేషన్ ముందు క్యూ కట్టారు.

"సార్, జర నన్ను అరెస్టు చెయ్యుండ్రి."

"ఏం చేసినవురా?" అన్నాడు ఎస్సై.

"ఏం చెయ్యలే సార్. ముందస్తు అరెస్టు రాయుండ్రి."

"ముందస్తుకు నలభై మంది ముందున్నరు. ఎల్లుండి రా."

ధర్నాలకు మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ గేటు ఉండనే ఉంది. వారం వారం అక్కడ కూర్చున్నారు. నిజాంసాగర్ కాలువ కింద చెరుకు వేసే పోశన్న సంబరపడి మోపెడు గడలు తెచ్చి పంచాడు.

"మొత్తానికి తెరిపిస్తున్నరన్నట్టు ఫ్యాక్టరీ!"

"తెరిస్తే ధర్నా ఏడ చెయ్యాలె పోశన్నా? వారానికి పది పాయింట్లు పోతయ్," అన్నాడొక కార్యకర్త చెరుకు నములుతూ. పోశన్న ఆలోచించి, నిజమేనన్నట్టు తల ఊపాడు. మిగిలిన గడలు మాత్రం భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు.

ఇక ఏ హోటల్లో చూసినా ఊహాగానమే. ఐదో లెవెల్‌కు మైకు ఇస్తారట, ఎనిమిదికి స్టేజీ మీద కుర్చీ, పదికి ఆ కుర్చీకి తువ్వాల, పన్నెండు దాటితే మండల అధ్యక్షుడు. ఆత్మారామన్న కూతురి ముందు కూర్చొని తన పాత్ర కాగితం రాయించుకున్నాడు.

"బలం ఎంత బాపు?"

"జెండా మోసేటంత."

"తెలివి?"

"నలుగుర్ల కనవడకుండ ఉండేటంత రాయి. ఓపికకు గడి లేదా బిడ్డా?"

"లేదు బాపు."

"ఒకటి గీయి."

శృతి గీసింది. అందులో ఇరవై ఏడు వేసింది. జెండాలు, ధర్నాలు, రెండు లాఠీదెబ్బలు, అన్నీ కలిపితే పద్నాలుగో లెవెల్ తేలింది. ఆ కాగితాన్ని ఆయన మడిచి, చొక్కా జేబులో ఓటరు కార్డు పక్కన పెట్టుకున్నాడు.

పదిహేనో తారీఖున నిజామాబాద్ సభలో పుస్తకం వెలువడింది. అట్ట అద్భుతం. మూడో పేజీలో మొదటి నియమం ఇలా ఉంది: పాత కార్యకర్తలు తమ విధేయతను సరికొత్తగా చాటుకునే సువర్ణావకాశం కోసం ఒకటో లెవెల్ నుంచి మొదలుపెడతారు. ఇతర పార్టీల నుంచి వచ్చేవారు, వారి అనుభవాన్ని గౌరవిస్తూ, పదో లెవెల్‌లో మొదలుపెడతారు. మండల అధ్యక్ష పదవికి పదో లెవెల్ చాలు.

పోయిన ఎన్నికల్లో అవతలి పార్టీ జెండా కర్రతో ఆత్మారామన్నను గల్లీ చివరిదాకా తరిమిన దేవిదాస్ ఆ ఉదయమే ఈ పార్టీలో చేరాడు. పది గంటలకు కండువా, పదిన్నరకు మండల అధ్యక్షుడు. ఆత్మారామన్న చప్పట్లు కొట్టాడు. ఒక పాయింటు.

తర్వాతి ఆదివారం పిల్లల పుస్తకం కూడా వచ్చింది. శృతి బల్ల మీద చరిచి అరిచింది.

"బాపు! పాతోళ్ళ లెవెళ్ళు గట్లనే ఉంచిండ్రు! నా తొమ్మిది నాకే ఉన్నది!"

ఆత్మారామన్న ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకొని చాలాసేపు తిరగేశాడు.

"ఎవ్వలు రాసిండ్రు బిడ్డా దీన్ని?"

"ఆట ఆడేటోళ్ళే రాసిండ్రు బాపు."

పుస్తకం మెల్లగా బల్ల మీద పెట్టి నా దగ్గరికొచ్చాడు.

"రవీందర్, రెండు ఫ్లెక్సీలు కొట్టు. ఒకటి ఇరవయ్యో తారీఖుకు, నేను అవతలి పార్టీల చేరుతున్నట్టు. ఇంకోటి ఇరవై ఏడుకు, మళ్ళ మన పార్టీలకు వచ్చినట్టు. దాని మీద 'పదో లెవెల్' అని పెద్దగ రాయి."

"వారం దినాలేనా అన్నా ఆడ ఉండేది?"

"ఎన్ని దినాలుండాలెనో పుస్తకంల రాయలే. మూడుసార్లు సదివిన."

"మరి ఇరవయ్యో తారీఖు దాని మీద పెద్ద ఫోటో ఎవ్వలది పెట్టాలె?"

ఆత్మారామన్న మొహం చిన్నబోయింది. "అవతల నాకెవ్వలెరుక రవీందర్? గీ ఒక్క మొఖం తప్ప ఇరవై ఏడేండ్లల్ల ఇంకో మొఖం చూసిన్నా? నువ్వే ఏదన్న చూసి పెట్టు."

నేను కంప్యూటర్ తెరిచాను. అవతలి పార్టీకి ఇరవయ్యో తారీఖు చేరికల డిజైన్ అప్పటికే రెడీగా ఉంది. పదిహేనో తారీఖు పొద్దున, పుస్తకం ఆవిష్కరణకు పోతూ పోతూ కారాపి ఇచ్చిన ఆర్డరు. అవతలి పార్టీ రంగులు, పైన నిలువెత్తున రెండు చేతులూ జోడించి, ఆ ఆర్డరిచ్చిన మన మాజీ మంత్రిగారే. కింద మూలన కోడిగుడ్డంత జాగా ఒకటి ఖాళీగా ఉంది.

"నవ్వుతున్న ఫోటో ఏమన్న ఉన్నదా అన్నా?" అని అడిగాను.