ఎవరూ తవ్వి చూడని మునగ గింజ

“వచ్చిందోయ్! మొలకొచ్చింది!”

ఈ పొద్దున మా ఆయన నోట్లో బ్రష్షుతోనే బాల్కనీలోంచి వేసిన కేక ఇది. పెళ్ళయి మూడు నెలలైనా ఆయన కేకేస్తే నేనింకా పరుగెత్తే వెళ్తాను. వెళ్ళి మొలకని చూసి, ఆ నురగ మొహానికే ముద్దు పెట్టాను. తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే ఒక మహాసత్యం తట్టింది. సలహాలిచ్చే చుట్టాలు లేని ఇంట్లో మునగ మొలవదు గాక మొలవదు!

నవ్వకండి. ఆధారాలున్నాయి.

మునగ గింజ ఎంత లోతున నాటాలని మా ఆయన ఫ్యామిలీ గ్రూపులో అమాయకంగా అడిగారు. అంతే! గ్రూపు నిండా వ్యవసాయ శాస్త్రవేత్తలే. వాళ్ళలో కొత్తిమీర మొలిపించినవాళ్ళు కూడా ఒక్కరు లేరు. అయితేనేం? వాళ్ళలో ముగ్గురు ఏకంగా ఇంటికే వచ్చేశారు.

“వేలి కణుపంత లోతు చాలమ్మా” అన్నారు అత్తయ్య. మంచిమాటే. మొదటి కుండీలో అలాగే నాటారు.

మా ఆయన బాబాయిగారు బోర్లు వేయించే కాంట్రాక్టరు. లోతు అన్నమాట వింటే ఆయన చెయ్యి ఆగదు. “కణుపేంటి వదినా, చాదస్తం కాకపోతే! నీళ్ళు పడేదాకా దించాలి!” అంటూ రెండో కుండీలో మోచెయ్యిదాకా దించారు. ఆ గింజ ఏనాటికైనా మొలిస్తే కింది వాటావాళ్ళ ఫ్యానుకి కాయలు కాస్తాయి.

మా ఆడపడుచు పళ్ళ డాక్టరు. మూడో కుండీలో గింజని మట్టిమీదే పడుకోబెట్టి, “దానికి నొప్పి తెలియకూడదు వదినా” అంటూ పైన పొడిమట్టి చిలకరించింది.

నాటి ఊరుకుంటే అది ప్రేమెలా అవుతుంది? రోజూ వచ్చి తవ్వి చూశారు! అత్తయ్య చెంచాతో, బాబాయిగారు స్క్రూడ్రైవరుతో, ఆడపడుచు నోట్లో పెట్టి పళ్ళు చూసే ఆ బుల్లి అద్దంతో.

“ఇంకా ఏం లేదా?”

“ఉలుకూ లేదు, పలుకూ లేదు!”

“మా రోజుల్లో ఇంత ఆలస్యం ఎరగమమ్మా!”

వేరు వేద్దామా అని గింజ అనుకునేలోపే దాని నెత్తిన టార్చిలైటు. ఇంత ఆదరణ ఏ గింజకి దక్కుతుంది?

మరి మొలిచిందేది అంటారా? ఆ మూడింట్లో ఏదీ కాదు. ప్యాకెట్టు చించినప్పుడు ఒక గింజ ఎగిరి, మట్టి మిగిలిన పాత బకెట్లో పడింది. ఎంత లోతుకి జారిందో ఎవరికీ తెలీదు. అసలు అది అక్కడుందనే తెలీదు. చుట్టాలందరూ మూడు కుండీల దగ్గర తీరికలేకుండా ఉండబట్టే కదా, బకెట్ జోలికి ఎవరూ పోలేదు! అదీ వాళ్ళ చలవ!

ఆనందం పట్టలేక ఫొటో గ్రూపులో పెట్టాం. వెంటనే అత్తయ్య ఫోను.

“మునగైనా మొలిచింది. మరి మీ సంగతేమిటమ్మా? ఇంకా విశేషమేం లేదా?”

వెనకనుంచి బాబాయిగారి గొంతు: “రేపు ఆదివారమేగా వదినా! అందరం వెళ్ళి చూసొద్దాం!”

పెళ్ళయిన దగ్గర్నుంచీ మాకు దక్కని ఆదివారాల్లో ఇదొకటి. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత బకెట్ వంక చూశాం.

రేపు పొద్దున్నే మూడు కుండీలనీ గుమ్మం బయట పెడుతున్నాం. పక్కనే ఒక చెంచా, ఒక స్క్రూడ్రైవరు, ఒక బుల్లి అద్దం. ఎంత లోతు కావాలంటే అంత తవ్వుకోవచ్చు.

బకెట్టూ, మేమిద్దరమూ లోపలే. గడియ కూడా లోపలే.