పేగుల్లో కొత్త చేరికలు

తొంభై రోజుల్లో జిల్లాలో కొవ్వన్నది లేకుండా చేస్తానని పేగు ఆరోగ్య మండలి చైర్మన్ ధనశేఖర్ గారు పలమనేరు సభలో ప్రకటించారు. ముందు తానే ముప్పై కిలోలు తగ్గి చూపిస్తానన్నారు. అప్పుడాయన నూట పద్దెనిమిది కిలోలు. అంత బరువైన వాగ్దానాన్ని ఆ వేదిక అంతవరకూ మోయలేదు.

లావుకీ పేగుల్లోని బ్యాక్టీరియాకీ సంబంధం ఉందని, చద్దిలాంటి పులిసిన తిండిలో మేలు చేసేవి ఉంటాయని మండలి డాక్టర్ కోమలి ఆయనకు చెప్పింది. ఆయన సగం విన్నారు.

మండలి ఆఫీసులో అందరికన్నా సన్నగా ఉండేది ఊడ్చే నాగులమ్మ. ముప్పై ఎనిమిది కిలోలు. రాత్రి మిగిలిన రాగిసంగటి చిన్న కుండలో మజ్జిగ పోసి నానబెట్టుకుని పొద్దున తాగుతుంది. మళ్లీ పొయ్యి వెలిగేది రాత్రికే.

ఆ సంగతి చైర్మన్ గారి చెవిన పడిన మర్నాటి నుంచి రోజూ ఆయన జీపు పోయి ఆ కుండ ఎత్తుకొచ్చేది.

"నా సద్ది మీరు తాగితే నేనేం తాగాల సామీ?" అంది నాగులమ్మ.

"నీ కడుపులో ఉండేటోళ్లంతా మంచోళ్లే కదమ్మా. నీకింకెందుకు?" అన్నారు చైర్మన్ గారు.

నాగులమ్మ కొంగు బిగించి చీపురందుకుంది.

చద్ది తాగినాక చైర్మన్ గారు నాలుగు నెయ్యిదోసెలు, గిన్నెడు నాటుకోడి కూర తినేవారు. కోమలి లబలబలాడింది.

"సార్, మనం తినేదాన్ని బట్టే లోపల ఏవి బతకాలో తేలేది. ఆకుకూరలు, కొర్రలు తింటేనే మంచివి నిలబడతాయి."

"ఏందమ్మా నువ్వు! వేరే పార్టీ నుంచి మన కడుపుని నమ్మి వచ్చినోళ్లకి ఆకులూ గింజలూ పెడతామా? మర్యాద జరక్కపోతే మళ్లీ ఆడికే పోరా?"

కోమలి ఎన్నడూ ఎన్నికల్లో నిలబడలేదు. 

తొంభయ్యో రోజు టమోటా మార్కెట్లో బహిరంగ తూకం. చైర్మన్ గారు కాటా ఎక్కారు. నూట ఇరవై ఏడు.

విలేకరుల పెన్నులు ఆగాయి. పీఏ మునికృష్ణ కాటాకు అడ్డం వచ్చి నిలబడ్డాడు. చైర్మన్ గారు మాత్రం చెక్కుచెదరలేదు.

"నాగులమ్మని ఎక్కించండ్రా."

ముప్పై రెండు.

"సూసినారా!" మైకు అదిరింది. "మన పథకంలో తొలి లబ్ధిదారు! మూడు నెలల్లో ఆరు కిలోలు! నా బరువంటారా, ఆయమ్మది కూడా నేనే మోస్తా ఉండా!"

మార్కెట్టంతా చప్పట్లు. శాలువా కప్పితే నాగులమ్మ ఆ బరువుకు తూలింది. మునికృష్ణ పట్టుకుని నిలబెట్టి, మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"ఆకలవతా ఉండాది సామీ."

చైర్మన్ గారి కళ్లు చెమర్చాయి.

"జీర్ణశక్తి!" అన్నారు విలేకరుల వైపు తిరిగి. "రాసుకోండి."