ఓడ ఎక్కనివాళ్లకు వంశం లేదు

మన తాతముత్తాతలకు మాయమాటలు చెప్పి, ఓడలెక్కించి, చెరకు తోటలకు తోలుకుపోయిన తెల్లదొరలు మనకు మహోపకారం చేశారు! కోపం తెచ్చుకోకండి. పేపరు మడిచి పక్కన పడేయకండి. చివరిదాకా చదివితే మీరే ఒప్పుకుంటారు.

ఓడ ఎక్కినవాడి వైభోగం చూడండి. రేవులో ఒక గుమాస్తా కూర్చుని వాడి పేరు రాశాడు. తండ్రి పేరు, ఊరు, వయసు, ఎత్తు రాశాడు. మోకాలి మీద మచ్చ ఉంటే అదీ రాశాడు. నీకేమన్నా అయితే ఎవరికి కబురు చెయ్యాలని అడిగి, దగ్గరి చుట్టం పేరు కూడా రాసుకున్నాడు. ఇవాళ వాడి మునిమనవరాలు ఆఫ్రికాలో కూర్చుని కంప్యూటర్ మీట నొక్కితే చాలు, ముత్తాత మోకాలితో సహా ప్రత్యక్షం!

మరి ఓడ ఎక్కనివాడి గతి? మా తాతనే తీసుకోండి. ఆయన చేసిన పొరపాటల్లా ఉన్న ఊళ్లోనే ఉండిపోవడం. ఆయన ఎత్తు ఎంతో నాకు తెలియదు. మచ్చలున్నాయో లేవో చెప్పే దిక్కు లేదు. సంగారెడ్డిలో ఆఫీసులన్నీ తిరిగితే చివరికి పాత పహాణీలు తీసి చూపించారు. భూమి సంగతంతా శుభ్రంగా ఉంది. రేగడి ఎంత, చౌడు ఎంత, బావి ఎక్కడ, అన్నీ ఉన్నాయి. పట్టాదారు గడిలో తాత పేరు కూడా ఉంది. భూమి అమ్ముకున్న ఏడాది నుంచి ఆ పేరు మాయం. ఆయన మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు బతికాడు, పాపం.

అందుకే, ఓడ రికార్డుల ప్రింటవుట్లు పట్టుకుని ఫిజీ నుంచీ మారిషస్ నుంచీ డర్బన్ నుంచీ మన ఊళ్ల మీద పడుతున్నవాళ్లను చూసి కొందరు విసుక్కుంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు రావడం మన అదృష్టం! పూర్వీకుణ్ణి వెతుక్కుంటూ ఒక మనిషి దిగితే ఎంతమందికి బతుకుదెరువు! సంగారెడ్డి బస్టాండు దగ్గర ఆటోవాలా ఆ ముత్తాత ఇల్లు తనకు తెలుసంటాడు. జిరాక్స్ సెంటర్‌వాడు ముత్తాతను కలర్‌లో తీసిస్తానంటాడు. టీ కొట్టాయన తన తాతా వాళ్ల తాతా ఒకే మంచం మీద పడుకునేవాళ్లని సాక్ష్యం చెప్తాడు. మ్యూజియంగా మార్చిన మన పాత జైలు చూడ్డానికే జనం టికెట్ కొనుక్కుని వస్తున్నారే, పాత చుట్టాలను చూడ్డానికి రారా? వెలిమెల వైపు లేచిన విల్లాలకు ఎటూ పేర్లన్నీ విదేశాలవే. మనుషులు కూడా అక్కణ్ణుంచే వస్తే తప్పేముంది?

నన్నడిగితే ప్రభుత్వం ఇప్పటికైనా ముత్తంగి జంక్షన్‌లో ఒక ఓడరేవు కట్టాలి. ఔటర్ రింగ్ రోడ్డు ఉంది, గోడౌన్లున్నాయి, లారీలున్నాయి. సముద్రం లేదంటారా? ఒక గట్టి వాన పడనివ్వండి! అప్పుడు రేవులో గుమాస్తాను కూర్చోబెట్టి, పోయేవాళ్లందరి తండ్రుల పేర్లూ మచ్చలూ రాయించవచ్చు. వందేళ్ల తర్వాత మన పిల్లలకు వంశం ఉంటుంది.

ఇదంతా గాలి మాట కాదు. నా కళ్లతో చూసి చెబుతున్నాను.

బతుకమ్మ పండగకు కొద్ది రోజుల ముందు ఒక పెద్దావిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పేరు ప్రమీలా నర్సన్న. డర్బన్ దగ్గర నర్సుగా పనిచేసి రిటైరైంది. జిల్లాలో ఎవరికి ఏ పాత సంగతి కావాలన్నా ఆఫీసుల వాళ్లు నా దగ్గరికే పంపుతారు. నేను పేపర్లో రాస్తాను కాబట్టి నాకు వేరే పని ఉండదని వాళ్ల నమ్మకం.

ఆవిడ ఇంటిపేరైన నర్సన్న ఆవిడ ముత్తాతే. ఓడ గుమాస్తా రాసిన పేరే అక్కడ ఇంటిపేరైపోయింది. సంచిలోంచి జాగ్రత్తగా ఒక కాగితం తీసి నా ముందు పరిచింది. నర్సన్న, తండ్రి సాయన్న, నిజాం రాజ్యం, ఊరు వెలిమెల. ఎడమ మోకాలి మీద కాలిన మచ్చ. దగ్గరి చుట్టం, అన్న ఎల్లన్న.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకంటే వెలిమెల మా ఆవిడ శ్రీలత పుట్టినూరు. సాయన్న కొడుకు ఎల్లన్న ఆమెకు సొంత ముత్తాత. అంటే ఈ వచ్చినావిడ నాకు వదిన! శ్రీలత పొయ్యి మీది పప్పు పొయ్యి మీదే వదిలేసి వచ్చి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ముఖంలోకి చూసింది.

"అక్కా, నీ ముక్కు మా నాయిన ముక్కే" అంది.

ఆవిడకు తెలుగు రాదు. కానీ ముక్కు ముట్టుకుని చూపిస్తే ఎవరికి అర్థం కాదు? మీకేం కావాలని నేను ఇంగ్లీషులో అడిగాను. ఆస్తి గీస్తి ఏమీ వద్దు, మా నర్సన్న మీవాడేనని అతని ఇంటివాళ్లెవరైనా ఒక్కరు చెబితే చాలు, అంది. చిన్నప్పటి నుంచీ వాళ్లమ్మ అనేదట, మన కోసం ఎక్కడో ఒక ఇల్లుందని.

మర్నాడు వెలిమెల తీసుకుపోయాం. మా బావమరిది వెంకటేశం, అంటే శ్రీలత తమ్ముడు, ఊళ్లో పెద్ద రైతు. ఇప్పుడు రైతంటే విల్లాల కంపెనీకి భూమి అమ్మబోతున్నవాడని అర్థం. కాగితంలో ఎల్లన్న పేరు వినగానే అతను ఎగిరి గంతేశాడు. అప్పటికప్పుడు యాట తెగింది, మాంసం పొయ్యెక్కింది. ఫోటోలు తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సర్పంచు శాలువా కప్పాడు. పక్కింటివాళ్లు కూడా, ఆ నర్సన్న అసలు మావాడేమో ఒకసారి చూడండి అని వచ్చారు. "అక్కా, అక్కా" అంటూ వెంకటేశం ఆవిడ కంచంలో మూలుగ బొక్కలన్నీ వేశాడు. చూశారా, ఓడ రికార్డుల మహిమ?

చేతులు కడుక్కుంటుండగా చంద్రకాంత్ వచ్చాడు. కంపెనీ తరఫున భూముల కాగితాలు చూసే మధ్యవర్తి అతను. సంగతంతా విని వెంకటేశాన్ని గోడ వారకు పిలిచాడు. గోడకు ఇటుపక్క నేను పళ్లు కుట్టుకుంటున్నాను కాబట్టి నాకు వినిపించింది.

"అన్నా, ఏం జేస్తున్నవే? భూమి ఎల్లన్న నాయిన సాయన్న కాడికెళ్లి వచ్చింది గద. ఎల్లన్నకు తమ్ముడుంటే ఆయన తరఫోళ్లందరి సంతకాలు గావాలె. ఆఫ్రికల ఎంతమంది ఉన్నరో ఏమెరుక? కంపెనీ లాయరు ఫైలు మూసి పెడ్తడు."

వెంకటేశం తిరిగి వచ్చేసరికి మనిషి మారిపోయాడు. ఆవిడ ముందు కూర్చుని, నన్ను ఇంగ్లీషులో చెప్పమని, చాలా మర్యాదగా చెప్పాడు.

"మా ముత్తాతకు తమ్ముడే లేడమ్మా. ఎల్లన్నలు శానామంది ఉంటరు. మీది ఇంకేదన్న వెలిమెల గావచ్చు."

"అక్కా" కాస్తా "అమ్మా" అయింది. బొక్కలు అప్పటికే తినేసింది కాబట్టి వాటిని వెనక్కు తీసుకోవడానికి వీలు పడలేదు.

పాపం ఆ పిచ్చి తల్లి, నాకు భూమి అక్కర్లేదని కాగితం రాసిస్తానంది. చంద్రకాంత్ నెత్తి గీక్కున్నాడు. "అట్ల కుదరదు సార్. వద్దని రాసియ్యాలంటే ముందు ఆమె వారసురాలు గావాలె. గామె వారసురాలైతే మనకే పరేషాన్" అన్నాడు. వద్దనడానికి కూడా హక్కు ఉండాలన్నమాట! ఇంత లోతైన న్యాయశాస్త్రం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆవిడకు దీన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక, ఎండ ఎక్కువగా ఉంది, ఇంటికి పోదాం అన్నాను.

కథ ఇక్కడితో అయిపోయేదే. కానీ భూమి రిజిస్ట్రేషన్ మాత్రం ఆగింది. పెద్దల రోజుల్లో మంచి పనులు చేయరు కదా, పెత్రమాస దాటాకే అనుకున్నారు. అదే కొంప ముంచింది.

పెత్రమాస అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. బతుకమ్మ మొదలయ్యే అమావాస్య రోజు మా వైపు పోయిన పెద్దలకు బియ్యం ఇస్తారు. పళ్లెంలో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టి, ఒక్కొక్కరి పేరూ చెబుతూ అయ్యగారికి ఇవ్వడం. ఆ పేర్లు ఎక్కడా రాసి ఉండవు. కోడలికి అత్త చెబుతుంది, అంతే. ఆ ఇంట్లో చెప్పేది మా అత్త సత్తెమ్మ. యాట తెగిన రోజు ఆమె కంటి ఆపరేషన్‌కని పటాన్‌చెరులో ఉంది కాబట్టి, ఈ గొడవేదీ ఆమెకు తెలియదు. ఆమెకు చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు.

ప్రమీల ఆ మర్నాడు విమానం ఎక్కాలి. పోయే ముందు ఆ పండగైనా చూసిపోతానంటే శ్రీలతే వెంట పెట్టుకుపోయింది. వెంకటేశం ముఖం చిట్లించాడు గానీ, పండగ పూట వచ్చినవాళ్లను పొమ్మనలేడు. ఆవిడను అరుగు చివర కూర్చోబెట్టారు.

అయ్యగారు అడుగుతున్నాడు, అత్త కంటికి నల్లద్దాలతో కూర్చుని చెబుతోంది. పోయిన మా మామ పేరు చెప్పింది. వాళ్ల నాయిన పేరు చెప్పింది. ఎల్లన్న పేరు చెప్పింది. ఆగకుండా, మరో దోసెడు బియ్యం పోస్తూ అంది.

"నర్సన్న. ఎల్లన్న తమ్ముడు. నీళ్లు దాటి పోయినోడు."

ఆఫ్రికా నుంచి వచ్చినావిడకు తెలుగు రాకపోవచ్చు, ఆ పేరు వచ్చు కదా! చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. శ్రీలత ఏడ్చింది. నాకు కూడా కళ్లలో నలక పడింది.

"అమ్మా, గాయన మనోడు గాదే!" అన్నాడు వెంకటేశం.

అత్త నల్లద్దాలు తీసి కొడుకు వైపు చూసింది. "మనోడు గాకుంటే గిన్నేండ్లసంది ఎవలకిచ్చిన్రా బియ్యం? మా అత్త ఇచ్చింది, నేనిస్తున్న. చెరువు కట్ట కాడ కొట్లాడి, అలిగి పోయిండట. మోకాలు కాలిన మచ్చ ఉండెనట." తర్వాత ఏడుస్తున్నది ఎవరని అడిగింది. శ్రీలత చెప్పింది. అత్త చెయ్యి చాపి, "రా బిడ్డా, నీ పెద్దమనిషికి నీ చేత్తోనే పొయ్యి" అంది.

ఆవిడ పోసింది. ఆవిడకు కావలసింది దొరికింది. మర్నాడు విమానం ఎక్కి వెళ్లిపోయింది.

మరి భూమి సంగతి? ఏముంది, అమ్మకం బ్రహ్మాండంగా సాగుతోంది. పెత్రమాసలో ఉన్న మనిషి భూమి కాగితాల్లో ఉండాలని రూలేమీ లేదని చంద్రకాంత్ తేల్చేశాడు. మొన్న వంశవృక్షం స్టాంపు పేపరు మీద టైపు చేయించి, సాక్షి సంతకం కోసం నన్ను పిలిచారు. "ఇంటి అల్లునివి, నీ సంతకం ఉంటే జెర వజను ఉంటది బావా" అన్నాడు వెంకటేశం.

చదివాను. సాయన్నకు ఒకే కొడుకు ఎల్లన్న. నర్సన్న లేడు, అది తెలిసిందే. కిందికి వచ్చాను. మా మామ పేరు ఉంది. మామకు ఒకే సంతానం, కొడుకు వెంకటేశం.

మళ్లీ చదివాను. ఒకే సంతానం. అతన్ని చంకన వేసుకుని పెంచిన అక్క, ఆ ఇంట్లోనే పుట్టి, ఆ ఇంటి ముక్కే పెట్టుకుని తిరుగుతున్న మా ఆవిడ, ఆ చెట్టుకు ఏ కొమ్మకూ లేదు! పుట్టనే లేదట!

కళ్లజోడు మరిచిపోయి వచ్చాను, తర్వాత పెడతానని చెప్పి లేచాను. కళ్లజోడు నా ముక్కు మీదే ఉంది.

ఇప్పుడు తెలిసిందా, ఆ ఓడ గుమాస్తాను నేనెందుకు అంత పొగిడానో? అతనికి వెలిమెలలో భూమి లేదు. అందుకని ఉన్నది ఉన్నట్టు రాశాడు. మా ఆవిడ తప్పల్లా పెళ్లయ్యాక ఓడ ఎక్కకపోవడమే. వెలిమెల నుంచి సంగారెడ్డికి ఎర్ర బస్సులో వచ్చింది. కండక్టర్ టికెట్ చింపి ఇచ్చాడు గానీ, తండ్రి ఎవరమ్మా, తమ్ముడెవరమ్మా అని అడగలేదు.

ఇంటికొచ్చి ఉన్న సంగతి చెప్పేశాను. శ్రీలత చిక్కుడుకాయలు తుంచుతోంది. ఏడుస్తుందేమో, తమ్ముణ్ణి తిడుతుందేమో అని చూశాను. కాయలన్నీ అయ్యాక చేట పక్కన పెట్టి అడిగింది.

"గా ఓడ ఇంక నడుస్తదా? నడిస్తే నాకొక టికెట్ తే. నా పేరు పక్కన మా నాయిన పేరు ఎక్కడన్న ఒక్కకాడ రాసి ఉండాలె గద."